ఆలస్యానికి కారణం

రాత్రంతా రొట్టెల పొయ్యి దగ్గర నిలబడి
ఏడున్నరకి ఇంటికొస్తే
గుమ్మంలో మూడు జతల రబ్బరు బూట్లు
నాకంటే ముందే తయారై కూచున్నాయి.
రెండు జతలు నా పిల్లలవి, మాబ్లి, టూడుర్.
మూడోది పక్కింటి హెలెద్‌ది.
వాళ్ళమ్మకి ఆసుపత్రిలో పగటి డ్యూటీ,
మా ఆవిడకి ఆరింటి బస్సు.
కాబట్టి ఈ ఊరేగింపుకి పెద్దని నేనే.

తలుపు తీయగానే వాన మొహమ్మీద కొట్టింది
బాకీ వసూలుకొచ్చిన వాడిలా.
మా వేల్సులో ఇంత వాన పడితే
ముసలమ్మలూ కర్రలూ కురుస్తున్నాయంటాం.
టూడుర్ నోరు తెరుచుకుని పైకి చూశాడు.
"ఒక్క ముసలమ్మా లేదు నాన్నా."
"కర్రలు మటుకు పడుతున్నాయిలే" అంది మాబ్లి.
దానికి ఎనిమిదేళ్ళు. దానికి అన్నీ తెలుసు.

నా జుట్టులో మిగిలిన పిండి
తడిసి ముద్దై మెడ వెనక జారుతోంది.
ఇంకో గంట ఆగితే నేనే పొంగుతానేమో.

మా ఊరి చుట్టూ ఉన్నవి కొండలు కావు,
తాతలు తవ్వి, పనికిరావని పారేసిన
పలకరాతి ముక్కల గుట్టలు.
మంచి పలకలు ఓడలెక్కి పోయాయి
ఏ ఇళ్ళ కప్పులకో, ఏ బడిపిల్లల ఒళ్ళోకో.
మాకు మిగిలింది తుక్కూ, వానా.
తడిస్తే మాత్రం ఆ తుక్కు
ఊదారంగుకి తిరిగి మెరుస్తుంది.
ఎండ ఉన్న ఊళ్ళవాళ్ళకి చెప్పినా తెలీదు.

చాపెల్ మలుపులో ఇనుప కంచె ఊచకి
ఎవరో తొడిగిన ఎర్ర గ్లౌజు,
మూడు వారాలుగా అక్కడే, బొటనవేలు సాచి.
ముగ్గురూ వరసగా దానికి షేక్ హ్యాండ్ ఇచ్చారు.
పిండితే గ్లాసుడు నీళ్ళొస్తాయి దాంట్లోంచి,
వాళ్ళ చేతుల్లోకి కారాయి కూడా.
నేనూ ఇచ్చాను. ఇవ్వకపోతే నడవరు.

ఎనిమిదీ నలభై. గంట కొట్టేది ఎనిమిదీ యాభైకి.
సరిపోయేదే,
టూడుర్ ఆగకపోతే.

దారి మీద వానపాము.
నాలుగడుగుల్లో ఇంకోటి.
కిందనున్న ఇల్లు మునిగి పైకొచ్చి
సిమెంటు మీద దిక్కు తెలీక
గులాబీరంగు దారప్ముక్కల్లా మెలికలు తిరుగుతూ.
"తొక్కేస్తారు" అన్నాడు.
"పద" అన్నాను.
"వీళ్ళకి బూట్లు లేవు" అన్నాడు.

రాత్రంతా పిండి పిసికొచ్చిన బుర్రలో
దీనికి జవాబు దొరకలేదు.

గ్లౌజు పళ్ళతో లాగి పారేశాడు.
చలికి ఎర్రబడ్డ వేళ్ళతో ఒక్కోదాన్నీ ఎత్తి
గోడ వార గడ్డిలో పెడుతున్నాడు,
పడుకోబెట్టినట్టు.
హెలెద్ తన గొడుగు వాటి మీద పట్టింది.
వానపాముకి గొడుగా అని నవ్వబోయి
ఆ పిల్ల మొహం చూసి మానుకున్నాను.
మాబ్లి ముట్టుకోనంది, లెక్క రాస్తానంది.
పలకరాతి గోడ మీద వేలితో గీతలు.
గీసింది గీసినట్టే వాన చెరిపేస్తుంటే
మళ్ళీ మొదట్నించీ గీస్తూ.

నేను గడియారం చూశాను.
ఆ తర్వాత వంగాను.
మోకాలు తడిసింది.
ఎంత మెత్తటి పిండైనా మాట వినే చేతులివి,
బతికున్న దాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో
తెలీక తచ్చాడాయి.

గేటు మూసేశారు.
ఆఫీసు కిటికీలోంచి మిసెస్ ప్రిచర్డ్
రిజిస్టరు ఇటు తోసింది.
పేరు. తరగతి. వచ్చిన వేళ. ఆలస్యానికి కారణం.
పై వరసలో ఎవరో పంటి డాక్టరని రాశారు.
ఇంకెవరో, కారు.
నేను తడిచేత్తో రాశాను: వానపాములు.
మాబ్లి మునివేళ్ళ మీద లేచి చదివింది.
"ఎన్నో కూడా రాయి నాన్నా."
పదకొండు.
ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఏమీ అనలేదు.
టూడుర్ చేతులు చూసి
హీటరు వైపు వేలు చూపించింది.

తిరుగుదారిలో వాన తగ్గలేదు.
కళ్ళు మూతలు పడుతున్నాయి, అయినా
కిందికి చూస్తూ, అక్కడక్కడా గంతేస్తూ నడిచాను.
చూసినవాళ్ళు తాగాననుకోనీ.
చాపెల్ మలుపులో
ఎర్ర గ్లౌజు పక్క ఊచకి నీలంది, మా వాడిది,
ఈలోపే ఎవరో తెచ్చి తొడిగారు.
తీసి జేబులో పెట్టుకోవాల్సింది.
ఇంట్లో ఇంకో జత ఉందిలే అని వదిలేశాను.

రేపు రెంటికీ షేక్ హ్యాండ్ ఇవ్వాలి.
పది నిమిషాలు ముందే బయల్దేరాలి.